ఏడవని బిడ్డ మంచి బిడ్డేనా?

"మా మనవడు బంగారుకొండ డాక్టరుగారూ! పుట్టి అయిదురోజులైంది. పాలకోసమైనా ఏడవడు. రాత్రంతా ఒక్కసారి లేవడు. 'మీ ఇంట్లో పసిబిడ్డ ఉన్నట్టే లేదు' అంటున్నారు పక్కింటివాళ్ళు."

ఆ పెద్దావిడ మనవణ్ణి చూపించడానికి రాలేదు. తన మోకాలినొప్పికి మందు రాయించుకోవడానికి వచ్చింది. కూతురికి తొలికాన్పు. పురుడు పుట్టింట్లో. ఆస్పత్రిలో సుఖంగా ప్రసవమైంది, రెండోరోజున ఇంటికి పంపారు. మూడోరోజున ఒకసారి తీసుకొచ్చి చూపించమన్నారట. పురిటిస్నానం కాకుండా బిడ్డని గుమ్మం దాటించకూడదని ఇంట్లో ఆగిపోయారు.

నేను చీటీ రాయడం ఆపి, "పిల్లాడు పాలు ఎప్పుడు తాగాడు?" అని అడిగాను.

"పొద్దున అనుకుంటానండీ. రొమ్ము నోట్లో పెడితే రెండు గుక్కలు తాగి నిద్రపోతున్నాడు."

"మూత్రం ఎన్నిసార్లు పోస్తున్నాడు?"

ఆవిడ కాసేపు ఆలోచించింది. "డైపరు వేస్తున్నామండీ. లెక్క చెప్పలేను."

"మోకాలి సంగతి తరవాత చూద్దాం. ముందు పిల్లాణ్ణి తీసుకురండి" అన్నాను.

అరగంటలో తెచ్చారు. పొత్తిళ్ళలో నిద్రపోతున్నాడు. కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళి గుడ్డ విప్పి చూశాను. ఒళ్ళంతా పసుపు పూసినట్టుంది. అరచేతులూ అరికాళ్ళూ కూడా పచ్చగా ఉన్నాయి. పాదాలు చల్లగా ఉన్నాయి. అరికాలిమీద వేలితో కొడితే సన్నగా మూలిగి మళ్ళీ నిద్రలోకి జారిపోయాడు. వెంటనే పిల్లల ఆస్పత్రికి పంపించాను. అక్కడేం జరిగిందో తరవాత చెబుతాను. ఆటో ఎక్కబోతూ ఆ పెద్దావిడ నన్నొక ప్రశ్న అడిగింది.

"జబ్బు చేస్తే పిల్లలు ఏడుస్తారు కదండీ? ఏడవని బిడ్డకి జబ్బుందని మాబోటివాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

ఈ వారం మన శీర్షిక అంతా ఆ ప్రశ్నకే కేటాయిస్తున్నాను.

పెద్దపిల్లల జబ్బులు మనకి అలవాటే. జ్వరం వస్తే ఒళ్ళు కాలిపోతుంది. కడుపునొప్పి వస్తే మెలికలు తిరిగిపోతారు. చెవిపోటు వస్తే ఇల్లెగిరిపోయేలా ఏడుస్తారు. కాని పుట్టిన మొదటి నెలరోజుల్లో ఈ లెక్క పనికిరాదు. ఏడవడానికి బలం కావాలి. రొమ్ము చీకడానికి బలం కావాలి. నెలలోపు బిడ్డకి జబ్బు చేస్తే మొట్టమొదట తగ్గేది ఆ బలమే. రక్తంలో సూక్ష్మక్రిములు చేరినా, కామెర్లు ముదిరినా, రక్తంలో చక్కెర పడిపోయినా, ఒళ్ళు చల్లబడినా పైకి కనిపించేది చాలావరకు ఒకటే. పాలు తాగడం తగ్గుతుంది. నిద్ర ఎక్కువవుతుంది. కాళ్ళూ చేతులూ వాలిపోతాయి. జ్వరం రావచ్చు, రాకపోవచ్చు. కొందరిలో జ్వరానికి బదులు ఒళ్ళు చల్లబడుతుంది. అంచేత "ఒళ్ళు వెచ్చగా లేదు కదా" అని ధైర్యం చెప్పుకోవడానికి వీల్లేదు.

ఏడ్చే బిడ్డని ఎత్తుకుని అర్ధరాత్రి నా తలుపు తట్టినవాళ్ళు ఎంతమందో ఉన్నారు. నిద్రపోయే బిడ్డని చూసి అనుమానపడి వచ్చినవాళ్ళు బహుకొద్దిమంది.

అలాగని నిద్రపోయే ప్రతి బిడ్డా జబ్బుబిడ్డ కాదు సుమా! అప్పుడే పుట్టిన బిడ్డ రోజులో పదహారు పదిహేడు గంటలు నిద్రపోవడం సహజమే. తేడా ఎక్కడుందంటే, ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఆకలేస్తే తనంతట తనే లేస్తుంది. మనం లేపితే కళ్ళు విప్పి, పెదాలు చప్పరించి, మొహం అటూ ఇటూ తిప్పి రొమ్ము వెతుక్కుంటుంది. జబ్బుబిడ్డని లేపడమే కష్టం. లేచినా రెండు గుక్కలకే సోలిపోతుంది.

ఈ పాఠం నాకు పుస్తకాలు చెప్పలేదు. ఒక నర్సమ్మ చెప్పింది. నేను హౌస్ సర్జన్‌గా ఉన్నరోజుల్లో ఒక రాత్రి వార్డు సిస్టర్ వచ్చి "మూడో మంచం పాప బాగాలేదు డాక్టర్" అంది. వెళ్ళి చూశాను. జ్వరం లేదు. గుండె విన్నాను, ఊపిరితిత్తులు విన్నాను. అంతా బాగానే ఉంది. "ఏం బాగాలేదు?" అని విసుక్కున్నాను. "పొద్దున నా వేలు గట్టిగా పట్టుకుంది. ఇప్పుడు పట్టుకోవడం లేదు. పదిగంటల పాలు సగం వదిలేసింది" అంది. ఇదేం రోగలక్షణం అనుకుని వెళ్ళి పడుకున్నాను. ఆవిడ ఊరుకోలేదు. పెద్ద డాక్టరుగారికి కబురుపెట్టింది. ఆయన వచ్చి రక్తం పరీక్షకి తీయించి, రిపోర్టుకోసం ఆగకుండా ఇంజెక్షన్లు మొదలుపెట్టించారు. రెండురోజుల తరవాత రిపోర్టు వచ్చింది. రక్తంలో క్రిములున్నాయి. పాప బతికి బయటపడింది. నేను చెవికి గొట్టం పెట్టుకుని విన్నదానికంటే, ఆవిడ పొద్దుటి పాపని రాత్రి పాపతో పోల్చి చూసిందే పెద్ద పరీక్ష!

మంచి నర్సు చేసే పని అదే. నిన్నటికీ ఇవాళ్టికీ పోల్చి చూడటం. ఆ పని ఇంట్లో తల్లి చెయ్యగలదు, అమ్మమ్మ చెయ్యగలదు, తండ్రి కూడా చెయ్యగలడు. రోజుకి రెండుసార్లు, అయిదేసి నిమిషాలు చాలు.

మార్కుల సంగతి

ఆస్పత్రినుంచి వచ్చేటప్పుడు ఇచ్చిన కాగితంలో 'అప్గార్ 8, 9' అని రాసి ఉండటం మీరు చూసే ఉంటారు. న్యూయార్కులో మత్తుమందు డాక్టరుగా పనిచేసిన వర్జీనియా అప్గార్ అనే ఆవిడ 1952లో ఈ పద్ధతి ఆలోచించింది. 1953లో పత్రికలో ప్రకటించింది. బిడ్డ పుట్టగానే అయిదు సంగతులు చూడమంది: ఒంటిరంగు, గుండెవేగం, కదిలిస్తే మొహం చిట్లించడం, కాళ్ళూచేతుల బిగువు, ఊపిరి. ఒక్కొక్కదానికి రెండు మార్కులదాకా ఇవ్వచ్చు. పుట్టిన నిమిషానికి ఒకసారి, అయిదు నిమిషాలకి ఒకసారి మార్కులు వేస్తారు. ఏడు, ఆపైన వస్తే సంతోషం.

ఒక తండ్రి ఆ కాగితం నాకు చూపించి "మావాడికి పదికి తొమ్మిదండీ! ఇంజినీరింగు సీటు ఖాయం" అన్నాడు. ఆ మార్కులు పుట్టిన అయిదు నిమిషాల సంగతి చెబుతాయి. అయిదోరోజు సంగతి చెప్పవు. అయిదోక్లాసు సంగతి అసలే చెప్పవు. కాకపోతే అందులో మనం నేర్చుకోవలసిందొకటి ఉంది. ఆ అయిదింటిలో నాలుగింటికి యంత్రమేదీ అక్కర్లేదు. కళ్ళు, చేతులు చాలు. వాటితోనే మనం ఇంట్లో పని జరుపుకోవచ్చు.

ముందు చేతులు సబ్బుతో కడుక్కుని, తుడుచుకుని, వెచ్చబడేలా రుద్దుకోండి. చేతి వెనకవైపు బిడ్డ పొట్టమీద ఆనించండి. తరవాత అరికాలిమీద ఆనించండి. రెండూ వెచ్చగా ఉంటే సరే. పొట్ట వెచ్చగా ఉండి పాదాలు చల్లగా ఉంటే బిడ్డ చలితో పోరాడుతోందన్నమాట. పొట్టకూడా చల్లగా ఉంటే అది ప్రమాదం. థర్మామీటరు ఉంటే చంకలో పెట్టి చూడండి. 97.7 నుంచి 99.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా మామూలు.

పెద్దవాళ్ళకి చలేస్తే వణుకుతారు. వణికితే వేడి పుడుతుంది. పసిబిడ్డకి వణకడం చేతకాదు. మెడచుట్టూ, భుజాలమధ్య ఉండే ఒకరకం కొవ్వుని కరిగించుకుని వేడి తెచ్చుకుంటుంది. అందుకోసం ఒంట్లో ఉన్న చక్కెరంతా ఖర్చుపెట్టేస్తుంది. అందుకే చల్లబడిన బిడ్డ పాలు తాగలేదు. పాలు తాగకపోతే ఇంకా చల్లబడుతుంది. పుట్టగానే స్నానం చేయించవద్దనేది ఇందుకే. కనీసం ఇరవైనాలుగు గంటలు ఆగాలి. రెండున్నర కిలోలకంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకి ఇంకా ఎక్కువరోజులు ఆగి, గోరువెచ్చని తడిగుడ్డతో తుడిస్తే చాలు.

చల్లబడిన బిడ్డని వెచ్చచెయ్యడానికి మంచం కింద కుంపటి పెట్టకండి. పొగ బిడ్డకీ మంచిది కాదు, బాలింతకీ మంచిది కాదు. బిడ్డ ఒంటిమీద గుడ్డ తీసేసి, తలకి టోపీ పెట్టి, తల్లి రొమ్ములమధ్య ఒంటికి ఒళ్ళు ఆనేలా నిలువుగా పడుకోబెట్టి, పైన దుప్పటి కప్పండి. 1978లో కొలంబియా దేశపు బొగొటా నగరంలో ఎడ్గార్ రే అనే డాక్టరు, ఇంక్యుబేటర్లు చాలక, నెలలు నిండని బిడ్డల్ని ఇలా తల్లుల గుండెలమీద పెట్టించాడు. కంగారూ పద్ధతి అని ఇప్పుడు ప్రపంచమంతా పాటిస్తున్నది ఇదే. తల్లి పడుకుంటే తండ్రి గుండె అయినా పనికొస్తుంది. మన మగవాళ్ళు ఎందుకు మొహమాటపడతారో నాకు తెలియదు.

దీనికి వ్యతిరేకమైన తప్పు మే నెలలో చేస్తాం. విజయవాడ ఎండల్లో, రామగుండం ఎండల్లో కూడా బిడ్డకి ఉన్ని టోపీ, మేజోళ్ళు, మూడుపొరల పొత్తిళ్ళు! బిడ్డ ఒళ్ళు కాలుతుంటే గుడ్డలు వదులుచేసి, పాలిచ్చి, అరగంట తరవాత మళ్ళీ థర్మామీటరు పెట్టి చూడండి. అప్పటికీ 99.5 దాటి ఉంటే ఆస్పత్రికి వెళ్ళవలసిందే. వేడి తగ్గినా బిడ్డ పాలు సరిగా తాగకపోతే కూడా వెళ్ళవలసిందే. ఎంత ఎండాకాలమైనా చన్నుపాలు తాగే బిడ్డకి మంచినీళ్ళు అక్కర్లేదు. దాహానికి సరిపడా నీళ్ళు ఆ పాలలోనే ఉన్నాయి.

ఊపిరి చూడటానికి బిడ్డ నిద్రలో ఉన్న సమయమే మంచిది. చొక్కా పైకెత్తి, గడియారం చూస్తూ, పొట్ట ఎన్నిసార్లు లేచిందో ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. పావునిమిషం లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే కుదరదు. ఎందుకంటే పసిబిడ్డ ఊపిరి గబగబా నాలుగు తీసి, కాస్త ఆగి, మళ్ళీ తీస్తుంది. నలభైనుంచి అరవై లోపు ఉంటే మామూలు. అరవై, ఆపైన వస్తే మరోసారి లెక్కపెట్టండి. మళ్ళీ అంతే వస్తే, లేదా డొక్కలు ఎగరేస్తున్నా, మూలుగుతున్నా, పెదాలు నీలంగా మారినా, ఊపిరి ఇరవై సెకన్లు ఆగిపోయినా క్షణం ఆలస్యం చెయ్యకండి.

ఇక పాలు, తడిగుడ్డలు. రోజుకి ఎనిమిదినుంచి పన్నెండుసార్లు పాలివ్వాలి. మొదటి వారంలో బిడ్డ అడగకపోయినా లేపి ఇవ్వాలి. ముర్రుపాలు పిండి పారబోసే ఇళ్ళు ఇంకా ఉన్నాయంటే నాకు ఆశ్చర్యమే. బిడ్డకి దొరికే మొట్టమొదటి టీకా అది అనుకోండి. రొమ్ము చీకలేని బిడ్డకి తల్లిపాలే పిండి, నీళ్ళలో మరిగించిన ఉగ్గుగిన్నెతో పట్టండి. పాలసీసా వద్దు. మన అమ్మమ్మల ఉగ్గుగిన్నె శుభ్రంచెయ్యడం తేలిక. అందులో ఆముదం పొయ్యకుండా ఉంటే అంతకంటే మంచి సాధనం లేదు.

తాగిన పాలు సరిపోతున్నాయా అంటే మూత్రమే సాక్షి. మొదటి రెండురోజులు తక్కువసార్లే పోస్తుంది. అయిదోరోజునుంచి రోజుకి ఆరుసార్లకి తగ్గకూడదు. ఇక్కడే డైపరుతో చిక్కు. మూడుసార్లు పోసినా ఆరుసార్లు పోసినా అదలాగే కనిపిస్తుంది. మొదటి రెండువారాలూ పాత నూలుచీరల గుడ్డలే కట్టండి. ఉతకడం కష్టమే, కాదనను. కాని గుడ్డలు లెక్కపెట్టడమంటే బిడ్డ ఆరోగ్యం లెక్కపెట్టడమే. మొదటి విరేచనం తారులా నల్లగా ఉంటుంది. అది పుట్టిన ఇరవైనాలుగు గంటల్లో కాకపోతే డాక్టరుకి చెప్పాలి. నాలుగైదు రోజులకి పసుపురంగులోకి మారాలి. మొదటివారంలో బరువు కాస్త తగ్గడం మామూలే. నూటికి పది వంతులకి మించి తగ్గకూడదు. రెండువారాల్లో పుట్టినప్పటి బరువు తిరిగి రావాలి.

పచ్చబడిన బిడ్డ

చాలామంది బిడ్డలకి రెండో మూడోరోజున కళ్ళూ మొహం కాస్త పచ్చబడతాయి. పుట్టిన కొత్తలో రక్తకణాలు ఎక్కువగా చితికి, అందులోంచి వచ్చే బిలిరుబిన్ అనే పచ్చటి పదార్థాన్ని కాలేయం వెంటనే బయటికి పంపలేకపోవడమే కారణం. పాలు బాగా తాగే బిడ్డకి వారం పదిరోజుల్లో అదే పోతుంది. చూడవలసింది పచ్చదనం ఎంతదాకా దిగిందన్నది. అది మొహంనుంచి కాళ్ళవైపు దిగుతుంది. పగటివెలుతుర్లో, కిటికీ దగ్గర, నుదుటిమీద, రొమ్ముమీద, పొట్టమీద, మోకాలి కింద వరసగా వేలితో నొక్కి వదలండి. నొక్కినచోట చర్మం అసలురంగు తెలుస్తుంది. చామనఛాయ బిడ్డల్లో చిగుళ్ళూ కంటితెల్లగుడ్డూ చూడండి. దీపంకింద చూస్తే మోసపోతారు.

పుట్టిన మొదటిరోజునే పచ్చబడినా, అరచేతులూ అరికాళ్ళూ పచ్చబడినా, పచ్చబడిన బిడ్డ పాలు మాని నిద్రపోతున్నా అది ఇంటివైద్యంతో పోయేది కాదు. బిలిరుబిన్ హద్దుమీరితే మెదడులోకి చేరుతుంది. చెవుడు రావచ్చు, అవయవాలు స్వాధీనం తప్పవచ్చు, ప్రాణమే పోవచ్చు. తల్లి రక్తం ఆర్‌హెచ్ నెగెటివ్ అయినా, ఓ గ్రూపు అయినా ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పద్నాలుగురోజులు దాటినా పచ్చదనం పోకపోతే, విరేచనం సుద్దలా తెల్లగా అవుతుంటే అది వేరే జబ్బు కావచ్చు. పైత్యం దిగే నాళాలు మూసుకుపోయే జబ్బొకటి ఉంది. దానికి రెండునెలలు నిండకముందే ఆపరేషన్ జరిగితే మేలు. "అదే పోతుందిలే" అని మూడునెలలు చూసి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది పెద్దగా ఉండదు.

కామెర్ల బిడ్డని ఆస్పత్రిలో నీలిదీపాలకింద పడుకోబెడతారు. ఆ వైద్యం పుట్టింది కూడా ఒక నర్సు చూపులోంచే. ఇంగ్లండులో ఎసెక్స్ ప్రాంతపు రోచ్‌ఫర్డ్ ఆస్పత్రిలో నెలలు నిండని బిడ్డల వార్డుకి వార్డ్ అనే ఆవిడ సిస్టర్‌గా ఉండేది. గదిలో ఉక్కకంటే కాస్త గాలీ ఎండా మేలని ఆవిడ బిడ్డల్ని పెరట్లోకి తీసుకువెళ్ళేది. 1956లో ఒకరోజు ఒక బిడ్డని డాక్టర్లకి చూపించింది. ఒళ్ళంతా పచ్చదనం తగ్గింది, ఒకచోట మాత్రం ముక్కోణంలా ముదురుపసుపు. ఏదో మందు పూశారేమో అనుకున్నారు డాక్టర్లు. మందు కాదు. దుప్పటి కొస కప్పిన చోటు అది. వెలుగు తగిలినచోట పసుపు పోయింది, తగలనిచోట మిగిలిపోయింది. ఆ గమనింపు మీదే పరిశోధన చేసి 1958లో దీపాల వైద్యాన్ని లాన్సెట్ పత్రికలో ప్రకటించారు.

"అయితే పొద్దుటెండలో పెడితే చాలు కదా?" అని మీలో కొందరు అడుగుతారు. చాలదు. ఎండలో కావలసిన వెలుగు ఎంత తగిలిందో తెలియదు. ఈలోగా బిడ్డ చల్లబడుతుంది, లేదా చర్మం కాలుతుంది. ఇంట్లో ట్యూబులైటు అంతకంటే పనికిరాదు. అన్నిటినీ మించి, ఎండకోసం చూస్తూ రెండురోజులు గడిచిపోతాయి.

ఇప్పుడు మన బంగారుకొండ సంగతి. ఆస్పత్రిలో దీపాలు చాలలేదు. రక్తం మార్పిడి చెయ్యవలసివచ్చింది. పరీక్షల్లో ఆ పిల్లాడికి జి సిక్స్ పి డి అనే ఎంజైము తక్కువని తేలింది. ఇది పుట్టుకతో వచ్చేది, మగపిల్లల్లో ఎక్కువ. ఈ లోపమున్నవాళ్ళ రక్తకణాలు కొన్ని మందులు తగిలితే, కొన్ని వాసనలు పీలిస్తే పటపటా చితికిపోతాయి. కలరా ఉండల వాసన అందులో ఒకటి. ఆ పెద్దావిడ తన కూతురు పసిబిడ్డగా ఉన్నప్పటి మెత్తటి పొత్తిళ్ళు, చొక్కాలు ఇన్నేళ్ళూ ట్రంకుపెట్టెలో కలరా ఉండలు వేసి భద్రంగా దాచింది. మనవడు పుట్టగానే ముచ్చటపడి తీసి చుట్టింది. ఉతకనైనా లేదు, "కొత్తగా ఉన్నాయి కదా" అని. నేను ఆవిణ్ణి తప్పుపట్టను. కలరా ఉండలు పసిబిడ్డకి విషమని ఆవిడకి ఎవరు చెప్పారు?

పిల్లాడు బతికాడు. మూడోనెలలో చేసిన వినికిడి పరీక్షలో లోపం బయటపడింది. ఇప్పుడు చెవులకి యంత్రాలు పెట్టుకుని మాటలు నేర్చుకుంటున్నాడు. అమ్మమ్మ దగ్గర కూచుని నేర్పిస్తుంది.

పసిబిడ్డ గుడ్డలున్న పెట్టెలో, బీరువాలో కలరా ఉండలు వెయ్యకండి. వేసిన గుడ్డలు బిడ్డకి కట్టకండి. బంధువులిచ్చిన పాతగుడ్డలైతే ముక్కుకి పెట్టి వాసన చూసి మరీ తీసుకోండి.

మన ఇళ్ళలో జరిగేవి ఇంకొన్ని ఉన్నాయి. బొడ్డుకి ఏమీ పూయకండి. పసుపు వద్దు, నూనె వద్దు, పౌడరు వద్దు, బూడిద అసలే వద్దు. ఒకప్పుడు పేడా బూడిదా పెట్టి ఎందరో బిడ్డల్ని ధనుర్వాతానికి అప్పగించాం. తల్లులకి టీకాలు వేసి, శుభ్రంగా బొడ్డుకోసి, 2015 నాటికి మన దేశంలో ఆ జబ్బుని ఆరోగ్యసమస్య కాని స్థాయికి తగ్గించగలిగారు. మొద్దు పొడిగా ఉంటే రెండువారాల్లోపు దానంతటదే ఊడిపోతుంది. చుట్టూ ఎర్రబడినా, చీము, దుర్వాసన వచ్చినా డాక్టరుకి చూపించండి. ముక్కులో చెవిలో నూనె పొయ్యడం, గొంతులో వేలుపెట్టి కఫం తియ్యడం, వస తేనె నాకించడం, కంటికి కాటుక, సాంబ్రాణి పొగ, ఇవన్నీ మానండి. నూనె రాసి మెత్తగా ఒళ్ళు నిమరడం మాత్రం మంచిదే. దాన్ని నేను వద్దనను. కుస్తీపట్లు పట్టకుండా ఉంటే చాలు.

భయపడనక్కర్లేనివీ ఉన్నాయి. మగైనా ఆడైనా కొందరు పసిబిడ్డలకి రొమ్ములు కాస్త ఉబ్బి, పాలచుక్క రావచ్చు. తల్లి హార్మోన్ల ప్రభావం అది, కొన్నివారాల్లో పోతుంది. దాన్ని పిండితే చీముపడుతుంది. ఆడబిడ్డకి మొదటివారంలో కొద్దిగా రక్తం కనబడటం కూడా అలాంటిదే. పిరుదులమీద నీలిమచ్చలు, ముక్కుమీద తెల్లటి గింజలు, చర్మం పొరలూడటం, ఎక్కిళ్ళు, తుమ్ములు, నిద్రలో ఉలికిపడటం, వీటికి వైద్యం అక్కర్లేదు. ఉలికిపాటుకీ ఫిట్స్‌కీ తేడా తెలుసుకోవాలంటే కొట్టుకుంటున్న చేతిని మెత్తగా పట్టుకోండి. ఉలికిపాటైతే ఆగిపోతుంది. ఫిట్స్ అయితే మీ పట్టులో కూడా కొట్టుకుంటుంది.

ముప్ఫైనాలుగు వారాలకి ముందే పుట్టినా, రెండు కిలోల లోపు బరువున్నా ఆ బిడ్డని ముప్ఫైరోజుల్లోగా కంటిడాక్టరుకి తప్పక చూపించండి. కంటి లోపలిపొర దెబ్బతింటే అప్పుడే పట్టుకోవాలి. తరవాత దొరకదు.

ఆశా కార్యకర్త మీ ఇంటికి వస్తే గుమ్మంలోంచి పంపెయ్యకండి. ఆస్పత్రిలో పుట్టిన బిడ్డని 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి చూడటం ఆవిడ పని. "మాకు స్పెషలిస్టు ఉన్నాడు" అంటారు కొందరు. స్పెషలిస్టు మీ ఇంటికి ఆరుసార్లు వస్తాడా? మన తెలంగాణ సరిహద్దున, ప్రాణహిత అవతల ఉన్న గడ్చిరోలి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టరు దంపతులు పల్లెటూరి స్త్రీలకే ఈ పని నేర్పారు. బిడ్డని తూచడం, ఊపిరి లెక్కపెట్టడం, ఒళ్ళు చల్లబడిందో లేదో చూడటం, అవసరమైతే మందు ఇవ్వడం. 1999లో వాళ్ళు ప్రకటించిన ఫలితాల ప్రకారం మూడో సంవత్సరానికి ఆ పల్లెల్లో నెలలోపు బిడ్డల మరణాలు, ఈ ఏర్పాటు లేని పల్లెలతో పోలిస్తే, నూటికి 62 వంతులు తగ్గాయి. వాళ్ళు చూసినవీ, నేను పైన చెప్పినవీ దాదాపు ఒకటే.

వీటిలో ఏ ఒక్కటి తేడాగా కనిపించినా, ముఖ్యంగా నిన్న తాగిన బిడ్డ ఇవాళ తాగకపోతే, తెల్లవారేదాకా ఆగకండి. బారసాల ముహూర్తం కోసం అసలే ఆగకండి. ప్రభుత్వ జిల్లా ఆస్పత్రుల్లో నవజాత శిశువుల ప్రత్యేక విభాగాలున్నాయి. అక్కడ వైద్యం ఉచితం. 108కి ఫోన్ చెయ్యండి. బండి వచ్చేలోపు చన్నుపాలు తాగగలిగితే పట్టండి. తాగలేకపోతే బలవంతంగా నోట్లో పొయ్యకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. దారిలో బిడ్డని ఒళ్ళో పెట్టుకోవడంకంటే తల్లి గుండెకి ఆనించి, పైన కప్పి తీసుకువెళ్ళడం మేలు. మొహం మాత్రం కప్పకండి, రంగూ ఊపిరీ కనిపిస్తూ ఉండాలి. ఆస్పత్రి కాగితాలన్నీ పట్టుకెళ్ళండి. డాక్టరు అడిగేవి ఇవి: ఏ రోజు ఏ గంటకి పుట్టింది, ఎంత బరువు, తల్లి రక్తం ఏ గ్రూపు, ఆఖరిసారి పాలు బాగా తాగింది ఎప్పుడు, ఆఖరిసారి మూత్రం పోసింది ఎప్పుడు, ఇంట్లో ఏమైనా నాకించారా, పూశారా. సిగ్గుపడకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పండి. బిడ్డకి చుట్టిన గుడ్డలు కలరా ఉండల పెట్టెలోవైతే ఆ మాటకూడా చెప్పండి.